శేషవేణి తైలం

ఆ ఎండాకాలం జిల్లాలో సగంమంది నన్ను చూశారు గాని, ఎవరూ నా మొహం చూడలేదు. సీసా మీద అంటించిన కాగితంలో ఉన్నది నా వీపు. తిరునాళ్ళలో బండి మీద నిలబడి నేను జనానికి చూపించిందీ వీపే. మోకాళ్ళు దాటిన జుట్టు, దాని పైన చిన్న తలకాయ, కింద ‘శేషవేణి తైలం’ అని వంపులు తిరిగిన అక్షరాలు. ఆడపిల్ల మొహం అచ్చు వేయించడం మర్యాద కాదని పద్మనాభయ్యగారు అన్నారు. ఆయన ఏ పనైనా మర్యాదగానే చేసేవారు. నాకు వచ్చిన చిక్కంతా అక్కడే.

నయాపైసలు వచ్చిన కొత్తల్లో సంగతి. విడవలూరులో ఆయన నడిపే శరణాలయంలో నాతో కలిపి ఏడుగురం ఉండేవాళ్ళం, అందరం మొగుళ్ళు పోయినవాళ్ళమే. ఆయన్ని మేమంతా నాయనగారూ అని పిలిచేవాళ్ళం. వయసులో ఉండగా ఆయన చేయించిన విధవా వివాహాలకు నెల్లూరులో రాళ్ళు పడ్డాయట. నుదుటి మీద ఆ మచ్చ ఉండేది, మాట్లాడేటప్పుడు దాన్ని వేలితో రుద్దుకునేవారు. అయితే జనం మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆయన ఎంత సంస్కర్తో అంత వ్యాపారస్తుడు. చందాల బుట్ట పట్టుకుని షావుకార్ల అరుగులెక్కే సంస్కరణ ఎన్నాళ్ళో నిలవదని ఆయన నమ్మకం. అందుకని ముందు సబ్బులు పెట్టారు, అవి నురగ రాలేదు. తర్వాత పళ్ళపొడి పెట్టారు, సముద్రపు గాలికి అది డబ్బాల్లోనే గడ్డ కట్టింది. మూడోసారికి నేను దొరికాను.

నాకు పదిహేడో ఏట మా ఆయన పోయారు. పదో రోజున అత్తగారింట్లో మంగలిని పిలిపించారు. ఆ సంగతి ఎవరు చేరవేశారో గాని, పద్మనాభయ్యగారు వచ్చి అరుగు మీద కూర్చుని, "ముందు నా తల గొరుగు, తర్వాత ఆ బిడ్డ దగ్గరికి పోదువుగాని" అన్నారట మంగలితో. ఆ పూట నన్ను బండెక్కించుకుని విడవలూరు తెచ్చారు. చేతికి దువ్వెన ఇచ్చారు. అది నేను మరిచిపోయేది కాదు. మరిచిపోగలిగితే ఈ కథ ఇంత పొడుగు ఉండేది కాదు.

శివరాత్రి వెళ్ళిన వారానికి ఓబులేసు మాస్టారు వచ్చారు. అంతకు ముందు రెండేళ్ళు ఆయన సాయంత్రాలు మాకు చదువు చెప్పి పోయేవారు. తర్వాత ఆయనకు తడ ఊరి బడికి బదిలీ అయింది. చాటుమాటుగా ఏమీ చేయలేదు, తిన్నగా నాయనగారి ముందుకు పోయి నిలబడి, "శేషమ్మను చేసుకుంటానండీ. ఆమెకు ఇష్టమే. మీరు ఊఁ అంటే చాలు" అన్నారు.

నాయనగారి కళ్ళు నిజంగానే చెమర్చాయి. లేచి మాస్టారి భుజాలు పట్టుకున్నారు. "కులం కాదు, శాఖ కాదు. ఇన్నేళ్ళకు నా ఇంట్లో, నా బిడ్డకు" అన్నారు. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను.

"అయితే ఒక్క మాట. ఈ ఎండాకాలం దాటనీ నాయనా" అన్నారు నాయనగారు. "వరసగా తిరునాళ్ళు. ఏడాదంతా పొయ్యి మండాలంటే ఈ నాలుగు నెలలే."

"మా అమ్మ ఏరువాక దాకా ఆగతానంది" అన్నారు మాస్టారు. "ఆ తర్వాత మేనరికం ఖాయం చేస్తానంటా ఉండాది. ఆమె మాట కాదనేదానికి నాకు వేరే సాకు లేదు."

నాయనగారు నన్ను పిలిచి, "నువ్వేమంటావమ్మా?" అని అడిగారు. వాకిట్లో మిగతావాళ్ళంతా నిలబడి ఉన్నారు, చేతులకు గుంటగలగరాకు పసరుతో. వాళ్ళ తిండీ గుడ్డా ఆ సీసాల్లోంచి వస్తాయి, ఆ సీసాలు నా జుట్టు మీద అమ్ముడుపోతాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది.

"ఎండాకాలం కానివ్వండి" అన్నాను. ఏరువాకకు ఇంకా చాలా దూరం ఉందనుకున్నాను.

ఆ నూనె కాచేది ఆదిశేషమ్మత్త. పదమూడో ఏటినుంచి ఆమె తల బోడి. నున్నటి తల మీదికి తెల్ల చెంగు లాక్కుని, పొగలో కూర్చుని, కొబ్బరినూనెలో ఉసిరికాయలూ మందారాకూ మెంతులూ కాచేది. పొద్దున్నే నా తల దువ్వేదీ ఆమే. మా ఇద్దరినీ అలా చూసి నవ్వుకున్నవాళ్ళు ఉన్నారు. నేను మాత్రం ఆ నూనె రాసుకునేదాన్ని కాదు. రాసుకుంటే మాడు దురద పెట్టేది. మా అమ్మమ్మకూ మోకాళ్ళ దాకా ఉండేది జుట్టు, ఆమె వంటనూనె తప్ప ఇంకోటి ఎరగదు.

ఒకసారి నాయనగారితో ఆ మాటే అన్నాను. ఆయన నవ్వి, "నూనె వల్ల పెరిగిందని నేనెప్పుడైనా అన్నానా తల్లీ? జుట్టు చూపిస్తాను, నూనె చూపిస్తాను. మధ్యలో సంగతి జనం అనుకుంటారు" అన్నారు. ఆయన అబద్ధం ఆడరు. నిజాలనే పక్కపక్కన పేర్చి పెడతారు.

నా జుట్టుకు జరిగిన కాపలా మహారాణీలకు కూడా జరిగి ఉండదు. ఉప్పుగాలి తగులుతుందని వాకిట్లో కూర్చోనిచ్చేవారు కాదు. బావి నీళ్ళు జవుడని, నా తలంటుకు నీళ్ళు కోవూరు నుంచి కుండల్లో వచ్చేవి. నాకు జ్వరం వస్తే నెల్లూరు నుంచి డాక్టరును పిలిపించారు. డాక్టరు నాడి చూస్తూ ఉండగానే నాయనగారు అడిగిన మొదటి మాట, "జుట్టు రాలదు గదండీ?"

"నేను పోతే ఏమవుతుంది అత్తా?" అని అడిగాను ఒక పొద్దున, ఆమె చిక్కు తీస్తుండగా.

"ఈ పొయ్యి ఆరిపోతుంది."

"పోకపోతే?"

"నువ్వారిపోతావు" అంది ఆదిశేషమ్మత్త. దువ్వెన ఆపలేదు. "రెండూ నిజమేనే. నన్నడిగితే నేనేం చెప్పను? నాకు పొయ్యీ కావాలి, నువ్వూ కావాలి."

ఇక తిరునాళ్ళు మొదలయ్యాయి. హజరత్తయ్య గూడుబండి తోలేవాడు. బండి ఆగగానే నాయనగారు రేకు బాకా నోటి దగ్గర పెట్టుకుని మొదలుపెట్టేవారు. అయ్యలారా, అమ్మలారా, ఈ తల మీద కత్తి పెట్టబోయారు, అని. అప్పుడు నేను జనానికి వీపు పెట్టి ముడి విప్పాలి. జుట్టు జారి కిందికి పడుతుంటే జనం నోళ్ళలోంచి వచ్చే చప్పుడు ఒకటుంది. మొదట్లో ఆ చప్పుడు నాకు గర్వంగా ఉండేది. తర్వాత తర్వాత, సంతలో గేదెను నిలబెట్టినప్పుడు కూడా ఇలాగే అంటారు గదా అనిపించేది. ఎండలో మెడ వెనక చెమట కారుతుంటే, ఎదురుగా ఉన్న బండి గూడు చాపలో పేడులు చూస్తూ నిలబడేదాన్ని. తడలో బడి ఎలా ఉంటుందో ఊహించుకునేదాన్ని. పెంకుటిల్లో, తాటాకుదో.

వైశాఖం సగమయ్యాక, జొన్నవాడ నుంచి తిరిగి వస్తూ అడిగాను. "నాయనగారూ, వచ్చే నెల ఏరువాక."

ఆయన నాతో ఎప్పుడూ లేనంత సూటిగా మాట్లాడారు.

"చెన్నపట్నం అంగళ్ళవాళ్ళు సరుకు అడుగుతున్నారమ్మా. కార్తీకంలో మనిషిని కూడా చూస్తామంటున్నారు. నీకు దాచేదేముంది? నువ్వు రేపు పెళ్ళి చేసుకుంటే బొట్టు పెట్టుకుంటావు. ముత్తైదువ జుట్టు ప్రతి ఊళ్ళోనూ ఉంది. దాన్ని చూడ్డానికి ఎవరొస్తారు?"

"నలుగురికి పెళ్ళిళ్ళు చేయించిన చేతులు గదా మీవి."

"చేయించాను. వాళ్ళల్లో ఒక్కరూ ఆరుగురికి అన్నం పెట్టలేదు. నువ్వు పెడుతున్నావు. ఇది చిన్న సంగతనుకుంటున్నావా?"

ఆయన గొంతులో కపటం లేదు. భాగస్తుడితో మాట్లాడినట్టు మాట్లాడారు. కపటం ఉంటే బండి దిగి పారిపోయేదాన్నేమో. నన్ను రక్షించిన మనిషి నుంచి పారిపోవడానికి దారి ఎక్కడుంటుంది? అత్తగారింట్లో తలుపుకు గడియ ఉండేది. ఇక్కడ గడియ కూడా లేదు. ఆ దారి పొడుగునా నేను ఏడుస్తూనే ఉన్నాను, ఆయన చూడనట్టు కూర్చున్నారు.

సముద్రం ఒడ్డున జాలర్ల పట్టపుపాలెంలో పోలేరమ్మ జాతర అన్నిటికంటే ఆఖరు. అక్కడికి అంతకు ముందెప్పుడూ పోలేదు. మేం పోయేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. వేపమండలు, పసుపు గుడ్డలు, అమ్మవారి ఘటం, పంబలవాళ్ళు. డప్పులు చెవులు చిల్లులు పడేట్టు మోగుతున్నాయి. నాయనగారు జనాన్ని చూసి సంతోషించారు.

"ఇదే సమయం. డప్పు ఊపులో ఉన్నప్పుడే విప్పు" అన్నారు.

హజరత్తయ్య ఎద్దుల పగ్గం పట్టుకుని, "ఈడ వద్దు సామీ" అన్నాడు. "అమ్మ ముందర ఆడమనిషి ఊరకే జుట్టు ఇరబోసుకోదు. ఈళ్ళు యేరేగా అనుకుంటారు."

"అనుకోనీ. అజ్ఞానం ఉన్నచోటే మన పని" అన్నారు నాయనగారు.

నేను బండెక్కి, వీపు పెట్టి, ముడి విప్పాను. ఎప్పుడూ వచ్చే చప్పుడు రాలేదు. డప్పుల వరస మారింది. వెనక ఎవరో ఆడమనిషి "తల్లా" అంది. ఆ తర్వాత ఇంకో నలుగురు అన్నారు. డప్పులవాళ్ళు బండి చుట్టూ చేరారు. నా కాళ్ళ మీద చల్లగా ఏదో పడింది. చూస్తే పసుపునీళ్ళు.

వాళ్ళు అమ్మవారు పూనిందనుకున్నారు. అమ్మ ఎదుట, డప్పుల్లో, జుట్టు విరబోసుకుని నిలబడిన ఆడది ఇంకెవరవుతుంది వాళ్ళకు? పాలెం పెద్ద చెంచయ్య, నల్లటి బక్కపలచటి మనిషి, కర్పూరం పళ్ళెంతో బండి పక్కకు వచ్చాడు. చెయ్యెత్తగానే డప్పులు ఆగాయి.

"తల్లా, ఏం గావాల నీకు? చెప్పు. మావల్ల తప్పేమన్నా జరిగిందా?"

పదిహేడో ఏటి నుంచి నాకేం కావాలో నింపాదిగా నిలబడి అడిగిన మనిషి అతనొక్కడే. అడిగింది నన్ను కాదని తెలుసు. అయినా అందరూ నోరు మూసుకుని జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. అంతమంది ఎదురుచూస్తుంటే ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు.

నేను జనం వైపు తిరిగాను.

"తడకు పోవాలి" అన్నాను. "అక్కడ బడిలో ఓబులేసు అని ఉన్నాడు. నేను అతన్ని చేసుకోవాలి. ఏరువాక దాటితే ఇక లేదు. నన్ను పంపించండి."

నా కళ్ళు ధారగా కారుతున్నాయి. ఎవరో గొణిగారు, తల్లి మనువు అడగతా ఉండాదే, అని. చెంచయ్య పెళ్ళాం కామాక్షమ్మ, చంకలో బిడ్డతో ముందు వరసలో ఉంది. "అడిగితే ఏంది?" అంది. "మాలో మారుమనువు లేదా? పంపించు మావా."

"పంపిస్తాం తల్లా. మూడో పొద్దుకు పడవ తెస్తాం. ఇది నా మాట" అన్నాడు చెంచయ్య. కర్పూరం మీద చెయ్యి పెట్టాడు.

అప్పటికి నాయనగారు తేరుకున్నారు. బాకా ఎత్తి, "అయ్యలారా, ఇది పూనకం కాదు. పూనకాలనేవి లేవు. ఈ అమ్మాయి మా…" అంటూ ఉండగానే ఒక ముసలామె బండిలో చెయ్యి పెట్టి, "తల్లి బండిలో నూనె, నాకో సీసా ఇయ్యి సామీ" అంది. ఆమె వెనక పది చేతులు, వాటి వెనక ఇంకా చేతులు. నాయనగారి నోరు తెరుచుకునే ఉంది. బాకా నోటి దగ్గరే ఉంది. ఆ సీసాల కేసి చూశారు, జనం కేసి చూశారు. నుదుటి మీద మచ్చను రుద్దుకున్నారు. బాకా మెల్లగా కిందికి దించారు.

నాకు కోపం రాలేదు. జాలి వేసింది. ఆ జాలి పూర్తికాకముందే భయం పట్టుకుంది. ఇక ఈయన నన్ను ఎప్పటికీ వదలరు.

తిరుగుదారిలో బండి ఖాళీగా గలగలలాడుతూ పోయింది. "చెప్పినా గదా సామీ" అని హజరత్తయ్య ఒక్కసారి అన్నాడు. నువ్వే అన్నావా, పూనకంలో అన్నావా అని నాయనగారు నన్ను అడుగుతారని చూశాను. అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది.

మర్నాటికే వార్త పాకింది. పక్క ఊళ్ళవాళ్ళు తాంబూలాలతో దిగారు, మా జాతరకు తల్లిని పంపించండని. నాయనగారు వాళ్ళను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. సరేననలేదు, కాదనలేదు. నలభై ఏళ్ళుగా పూనకాలను తిట్టిన ఇంటి గడప మీద కొబ్బరికాయలు పగిలాయి. నన్ను ముందుగదిలో కూర్చోబెట్టారు. బయటికి అడుగు వేస్తే చాలు, కాళ్ళ మీద పడేవాళ్ళు. అంతకు ముందు సీసా మీద బొమ్మనైనా, పెరట్లోకి పోయి రాగలిగేదాన్ని. ఇప్పుడు అదీ లేదు. కిటికీ చువ్వల అవతల మొహాలు చూస్తూ కూర్చునేదాన్ని.

"వాళ్ళు పడవ తెస్తారా అత్తా?" అని అడిగాను.

"తెస్తే మాత్రం ఈయన ఎక్కనిస్తాడా? ఇప్పుడు నీ వెల ఎంతైందో చూశావు గదా" అంది ఆదిశేషమ్మత్త. చెంగుతో కళ్ళొత్తుకుంది. అయినా ఆ పూట నా చీరలు రెండు మడతపెట్టి మూట కట్టింది.

మూడో పొద్దున వాళ్ళు వచ్చారు. చెన్నపట్నానికి సరుగుడు కట్టెలు వేసుకుపోయే పడవ ఉప్పుకాలవలో నిలబెట్టి, డప్పుతో వీధిన నడిచి వచ్చారు. తడ దగ్గర దించిపోతామన్నారు. ఊరూ, తాంబూలాలవాళ్ళూ అంతా కలిసి కాలవగట్టు మీదికి చేరారు. నాయనగారు నా పక్కనే నడిచారు. ఎప్పుడూ చేతిలో ఉండే కర్ర లేకుండా ఆయన్ని నేను చూడటం అదే మొదటిసారి.

"చెంచయ్యా, ఈ జాతర్లు కానీ. నేనే స్వయంగా పంపిస్తాను" అన్నారు.

"తల్లి మాటకు వాయిదా లేదు సామీ" అన్నాడు చెంచయ్య. "పలికింది తల్లి కాదని మీరు జెప్పండి. అట్టాగైతే ఎనక్కి పోతాం."

నాయనగారు చెప్పలేదు. చుట్టూ తాంబూలాల పళ్ళేలు పట్టుకుని నిలబడినవాళ్ళను చూశారు. అప్పుడు నా వైపు తిరిగారు. ఎంత తెలివైన మనిషో ఆ క్షణం నాకు పూర్తిగా అర్థమైంది.

"నువ్వే చెప్పమ్మా శేషూ. ఆరోజు పలికింది అమ్మవారా, నువ్వా?"

అమ్మవారంటే నేను పోతాను, నూనె మిగులుతుంది. తల్లి పలికిన తైలమని తరతరాలు అమ్ముడుపోతుంది. నేనే అంటే వీళ్ళు వెనక్కి పోతారు, నేను మిగులుతాను. ఎటైనా ఆయనకు లోటు లేదు. ఒక్క మాటతో పడవెక్కొచ్చు. పడవ కళ్ళముందే ఉంది, తాళ్ళ మీద ఎండ పడుతోంది. అబద్ధమాడటానికి నోరు తెరిచాను కూడా. కాని నేనంటూ నోరు విప్పి అడిగింది నా బతుకులో అదొక్కటే. దాన్ని కూడా ఇంకొకరికి ఇచ్చేసి, చేతులు ఊపుకుంటూ మాస్టారి ఇంటికి పోవడం నాకు చేతకాలేదు.

"నేనే" అన్నాను. "నాకే పూనకమూ లేదు. నాకు పోవాలని ఉండి అడిగాను."

గట్టు మీద కలకలం లేచింది. పళ్ళేలవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డప్పువాడు డప్పు భుజాన తగిలించుకున్నాడు. నాయనగారు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు. అది ఊరటో, ఇంకేమిటో నేను చెప్పలేను. ఆదిశేషమ్మత్త చేతిలోని మూట తీసుకుని, ఇంటివైపు తిరిగాను.

"యాడికి పోతాండావు?" అన్నాడు చెంచయ్య.

"తల్లి కాదన్నాను గదా."

"ఇన్నాను. చెవుడు లేదు నాకు." అతను కాస్త విసుగ్గానే అన్నాడు. "అడిగింది నువ్వో, అమ్మో, అది మీ ఇద్దరి సంగతి. పంపిస్తానని మాట ఇచ్చింది నేను. దా, ఎక్కు, పోటు తగ్గతా ఉండాది."

కామాక్షమ్మ వచ్చి నా చేతిలో మూట అందుకుంది. మచ్చ మీదికి పోయిన నాయనగారి చెయ్యి అక్కడే ఆగిపోయింది. అప్పటికే చెంచయ్య నీళ్ళలో గడ దించాడు.